దుర్యోధనుడి కీళ్లు

ఈ ఉదయం డైరీ రాయబోతే పెన్ను మూత రాలేదు. మూత బాగానే ఉంది, వేళ్లే మాట వినలేదు. గిన్నెలో వేడినీళ్లు పోసుకొని చేతులు ముంచి కూర్చుంటే మా బావ, అంటే అక్క మొగుడు, గుర్తుకొచ్చాడు.

బావది కెలమంగలం పక్క పల్లె. పట్టుపురుగులు పెంచేవాడు. తొంభైలలో ఆయనకు కీళ్లవాతం పట్టుకుంది. అది పోయే జబ్బు కాదని, మాత్రలతో నెట్టుకురావాలని హోసూరు డాక్టరు చెప్పాడు. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి మధ్యాహ్నానికి వీధిలో తిరుగుతుంటే ఎవరు నమ్ముతారు? తెల్లారే పురుగులకు ఆకు వేసే పని అక్క మీద పడింది. పురుగులకు ఆదివారం లేదు, అక్క నోటికీ లేదు.

"నిన్న మోకాలంటివి, ఈ పొద్దు మణికట్టంటావు. రేపు యాడికి పోతుందప్పా నీ నొప్పి, కృష్ణగిరికా?"

చెప్పి చెప్పి విసిగిన బావ అటు తిరిగి పడుకునేవాడు.

ఆ ఊళ్లో రోజుల తరబడి వీధినాటకంగా ఆడే భారతం ఆట ముగిసే రోజున నేలమీద మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. తొడలో కుంకుమనీళ్ల పిడత దాస్తారు. భీముడి వేషగాడు గదతో కొడితే ఎర్రగా పారుతుంది. ఆపైన జనం పంట బాగా పండుతుందని తలా పిడికెడు మట్టి తీసుకుపోయి గాదెలో వేసుకుంటారు. బొమ్మ చేయడం బావ ఇంటివాళ్ల వంతు. జబ్బు పట్టాక ఒక ఏడు బావ వేళ్లు వంగక అరచేతులతో, మోచేతులతో అదిమాడు. నేను నీళ్లు పోస్తున్నాను. మోకాళ్లలో, మణికట్లలో, వేలి కణుపుల్లో కూడా పిడతలు పెడుతున్నాడు.

"విరిగేది తొడ ఒక్కటే కదా బావా?"

"ఆయప్పకు ఒక్కటే విరిగింది. పుణ్యాత్ముడు."

మరునాడు భీముడు కొట్టాడు, తొడ పారింది, జనం కేకలు వేశారు. అక్క కూడా మట్టికోసం వంగింది. మోకాలి దగ్గర లాగగానే లోపలి పిడత ఒరిగి చేతిమీద ఎర్రనీళ్లు పడ్డాయి. మణికట్టు దగ్గర తవ్వింది, అక్కడా అంతే. వేలి కణుపు దగ్గరా అంతే. "ఇదేమప్పా అపచారం!" అని పూజారి అరుస్తున్నాడు. అక్క ఎర్రటి చేతులతో లేచి, పందిరి గుంజకు ఆనుకొని కూర్చున్న బావ వైపు తిరిగింది.

"ఇన్ని తావులా?" అంది.

బావ తలూపాడు.

మర్నాటి నుంచి అక్క పురుగులకు ఆకు వేయడానికి పోతూ ఆయన ముందు వేడినీళ్ల గిన్నె పెట్టేది. తిట్లు మానలేదు. నొప్పి యాడ అని మాత్రం మళ్లీ అడగలేదు. జబ్బు తగ్గలేదు, ఏటేటా ముదిరింది. రెండువేల సంవత్సరం దాటాక బొమ్మను ఇంకెవరో చేశారు, మామూలుగా ఒక్క పిడతతోనే.

గిన్నెలో నీళ్లు చల్లారాయి. పెన్ను మూత వచ్చింది. ఒక్కసారి కొట్టి పోయే భీముడే నయం. కాలం ప్రతి పొద్దునా వచ్చి, తొందరేమీ లేకుండా, ఒక్కో కణుపే తడిమి పోతుంది.