తెప్ప కాదు మావయ్యా, విమానం!

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో చుట్టాల పెళ్లి చూసుకుని, మా మావగారితో విశాఖకు విమానంలో వస్తున్నాను. ఆయన భోగాపురం దగ్గర సముద్రంలో చేపల వేట చేసే మనిషి. బెల్టు పెట్టుకోమంటే, "ముప్పయ్యేళ్లు తెప్ప మీద నిలబడినోణ్ణి, నన్ను కట్టేస్తావేటమ్మీ?" అని కసిరారు.

కాసేపటికి విమానం ఉన్నట్టుండి కిందికి దూకింది. మావగారు ఎగిరి, కప్పుకు తల కొట్టుకుని నా ఒళ్లో పడ్డారు. నుదురంతా రక్తం. పోయారనుకుని గొల్లుమన్నాను. ఎదురొచ్చిన ఇంకో విమానాన్ని తప్పించామని ఎయిర్‌హోస్టెస్ చెప్పగానే ఆయన కళ్లు తెరిచి, "తెప్పకి తెప్ప ఎదురొస్తే మేం కేకేస్తాం. ఈడి నోరు పడిపోనాదేటి?" అని పైలట్‌ని తిట్టారు. నా ఏడుపు అప్పుడు ఆగింది.

ఆరు కుట్లు పడ్డాయి. ఇప్పుడాయన ఆటో ఎక్కినా బెల్టు కోసం తడుముకుంటారు. తెప్ప మీద మాత్రం ఇంకా నిలబడే వెళ్తారు.