వేలిముద్రల రిజిస్టరు

మొన్న సోమవారం పొద్దున పదీ ఇరవైకి మెట్టుగూడ రేషన్ దుకాణంలో మిషను మీద బొటనవేలు పెట్టాను. అంట్లు తోమి అరిగిన వేలు, మూడుసార్లు పెడితే గానీ పట్టలేదు. నా వెనక నిలబడ్డ రిటైరయిన హెడ్మాస్టరు సైతం అదే మిషను మీద అదే వేలు పెట్టడం చూసి నవ్వుకున్నాను గానీ, మనసు మాత్రం ఎప్పటిదో మరో సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళిపోయింది.

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఒక గ్యాసు కంపెనీ వాళ్ళు మా బస్తీ కమ్యూనిటీ హాలుకు ఫ్యాన్లు వేయించి, పలకలు పంచి, టీచరమ్మను పెట్టి ఆడవాళ్ళకు చదువు మొదలుపెట్టారు. పొయ్యి వెలిగించేవాళ్ళకు పలకతో ఏం పనని ఎగతాళి చేసింది నేనే, వారం తిరక్కుండా అందరికన్నా ముందు వెళ్ళి చాప పరిచిందీ నేనే. ఏ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్ళను అడిగి ఎక్కే బతుకు ఎంత చిన్నతనమో మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మొదటిరోజు హాజరు రిజిస్టరులో ఏడుగురమూ వేలిముద్రలే వేశాం. రెండు నెలలకు పేర్లు రాయడం వచ్చి, టీచరమ్మ కలం చేతికిస్తే నేను అడ్డుపడ్డాను. మా ఆయన పోయాక ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు, మొదట ఎలా వేస్తే చివరిదాకా అలాగే వేయాలని, మారిస్తే కాగితం చెల్లదని ఒక గుమాస్తా నన్ను గదమాయించాడు. ఆ భయం నాలో మేకులా దిగి ఉంది.

“రాత నీకెరుక బిడ్డా, కాయితాల తక్లీఫ్ మాకెరుక. ఏలు ఏసినంక ఏలే,” అన్నాను. పెద్దదాన్ని, నోరు గలదాన్ని కావడంతో ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ సోమవారం కంపెనీ ఆఫీసరమ్మ వచ్చింది, తరగతి ఇంకో ఏడాది నడపాలా వద్దా తేల్చడానికి. రిజిస్టరు తిప్పితే ఎనిమిది నెలలూ నీలం వేళ్ళే.

“ఒక్కరికి సుత పేరు రాయనీకి రాలే? గిట్లయితే ఇక్కడ బంద్ చేసి యాప్రాల్ బస్తీల పెడతం మేడమ్,” అంది.

టీచరమ్మ తల వంచుకుంది గానీ నా మీదికి నెట్టలేదు. నాతోపాటే చదువుకునే మా ఆడబిడ్డ నన్ను మోచేత్తో పొడిచింది. “రోజూ లేస్తది గద వదినా నీ నోరు, ఇయ్యాల ఏమైంది?”

నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? లేచి సుద్దముక్క అందుకున్నాను. బోర్డు మీద అప్పడాలంతేసి అక్షరాలతో, ‘టీచరమ్మ మంచిగ చెప్పింది. వేలు వేయమన్నది నేను. తప్పు నాది’ అని రాసి కింద నా పేరు పెట్టాను. వెంటనే తోడికోడలు లేచింది, తర్వాత ఒక్కొక్కరూ లేచి పేర్లు రాశారు. బోర్డు చాలక ఆఖరి పేరు తలుపు మీద పడింది.

“‘తప్పు’ ఎంత చక్కగా రాశారండీ పెద్దమ్మగారూ,” అంది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆఫీసరమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో నా గుండె మీది బండ దిగిపోయింది. రిజిస్టరులో కొత్త పేజీ తీసి అందరిచేతా సంతకాలు చేయించి, తరగతి ఆగదని చెప్పి మరీ వెళ్ళింది. ఆ సాయంత్రం తాగిన చాయ్ అంత తియ్యగా మళ్ళీ ఏదీ లేదు.

ఇప్పుడు రేషనుకు వేలు, పింఛనుకు వేలు. అంత ఆలస్యంగా, అంత ఆశగా నేర్చుకున్న పేరును అడిగేవాళ్ళే లేరు. అందుకే ఆ రోజు సంగతి ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ రోజు అక్కడున్నది టీచరమ్మ, ఆఫీసరమ్మ, మా తోడికోడలు, ఆడబిడ్డ, ఇప్పుడు లేని పక్కింటి పిన్ని, ఆమె కోడలు, పాలమ్మే అక్క, తలుపు మీద పేరు రాసిన ఇస్త్రీ బండి చెల్లె, నేను.