బాపు వేళ్లకు టేపు

బస్సెక్కిన ప్రతిసారీ గొడుగు మరిచిపోయే నన్ను ఏరికోరి జ్ఞాపకశక్తి మీద పరిశోధనకు తీసుకున్నారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. దుండిగల్ దారిలో ఓ కాలేజీ వెనక, మెదడులో పుట్టే అయస్కాంత సంకేతాలను కొలిచే మిషన్ ఉండేది. ఆ సంకేతం ఎంత సన్ననిదంటే రోడ్డు మీద లారీ పోయినా చెడిపోతుంది. అందుకే పెద్దలు బాగా ఆలోచించి, లారీలు తిరిగే రోడ్డు పక్కన, శిక్షణ విమానాలు చక్కర్లు కొట్టే ఆకాశం కింద దాన్ని పెట్టించారు. కోస్తా నుంచి వచ్చిన మా సారు కొలత పాడైనప్పుడల్లా పైకి చూసి "మళ్లీ వచ్చాడండీ" అనేవారు. అన్నది పైలట్ గురించో, దేవుడి గురించో నేనెప్పుడూ అడగలేదు.

పరీక్ష తేలికే. పన్నెండు మాటలు విని, కదలకుండా గుర్తుంచుకుని, గంట మోగాక అప్పజెప్పాలి. చెయ్యి కదిలితే ఆ కదలిక సంకేతం వచ్చి జ్ఞాపకం సంకేతంలో కలుస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూపించడమే సారు జీవితాశయం.

ఆ ఏడే మా ఊరు రావల్కోల్‌లో మా భూమి పంపకాలు మొదలయ్యాయి. హద్దురాళ్లు సగం మట్టిలో కూరుకుపోయాయి. ఏది ఎక్కడుందో తెలిసింది ఇంటిల్లిపాదిలో మా బాపు ఒక్కడికే. మా చిన్నాయన మాత్రం "అన్నకు మతిమరుపొచ్చింది, ఆయన మాట పట్టించుకోకుండ్రి" అని ఊరంతా చాటాడు. ఆ మాట బాపును ముల్లులా గుచ్చింది.

"నీ మిషన్ కాడికి నన్ను తీస్కపో బిడ్డా. నా మతి మంచిగనే ఉన్నదని కాయితం రాయించు. గది వాని ముంగట పెడ్త" అన్నాడు. చదువుకున్న తెలివితక్కువవాణ్ణి కదా, సరేనన్నాను.

లోహం పనికిరాదని తాయెత్తు, ఉంగరం, వెండి మొలతాడు అన్నీ తీయించాం. "ఇగ పానం ఒక్కటే మిగిలింది. గది గుడ తీసి ఈడ పెట్టాల్నా?" అన్నాడు బాపు.

మొదటి విడతలో పన్నెండుకు పన్నెండూ చెప్పాడు. నేను ఎగిరి గంతెయ్యబోయాను. సారు మొహం మాడిపోయింది, సంకేతం నిండా చెత్త. లోపలికి తొంగి చూస్తే బాపు బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తోంది. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు, కణుపుకో మాట.

"చెయ్యి కదపకూడదండీ."

"కదుపుతలేను సారూ. యాది జేస్కుంటున్న."

సారు నావైపు చూశారు. చెక్క పలక తెచ్చి, బాపు వేళ్లను దానికి టేపుతో నేనే అంటించాను. ఈసారి సంకేతం కడిగిన ముత్యంలా వచ్చింది. బాపు నాలుగు మాటలే చెప్పాడు. ఇంకోసారి చేస్తే రెండే చెప్పాడు. సారు నా భుజం తట్టి ఇంత శుభ్రమైన కొలత ఈమధ్య చూడలేదన్నారు.

షేర్ ఆటోలో బాపు అడిగాడు. "కాయితంల ఎన్ని లెక్కకొచ్చినయ్?"

"ఎక్కువలో ఎక్కువ నాలుగు."

"మొదలు పన్నెండు జెప్పిన గద?"

"అది లెక్కలోకి రాదు బాపు, చెయ్యి కదిలింది."

ఆయన చేతిని మడిచి కండువా కింద పెట్టుకున్నాడు. ఆ జవాబుకు నా మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అబద్ధమాడినా పాపం అంటేది కాదు, నిజానికి అబద్ధం కూడా అక్కర్లేదు. ఆ పన్నెండే నిజం.

పంపకాల రోజు సర్వేయర్ హద్దులు అడిగాడు. బాపు నోరు తెరిచాడు. బొటనవేలు చిటికెన వేలి మీదికి పోబోయింది. అంతలో ఆయన నన్ను చూశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు యాదికొస్తలేదు. మావోన్ని అడుగుండ్రి, సదువుకున్నడు."

అందరూ నావైపు తిరిగారు. నాకు ఒక్క రాయి జాడ కూడా తెలియదు. చిన్నాయన ఎటు చూపిస్తే అటే కొలత గొలుసు పరిచారు.