ఎడారిలో రెల్లు చెరువు

దోహాలోని అబూ హమూర్‌లో ఒక ఇంటికి నేను డ్రైవర్ని. మాది గోదావరి వైపు. జగిత్యాల నుంచి వచ్చి, సైట్లలో ఇనుప చువ్వలు కట్టే ఒకతను, నేను తమ్ముడూ అని పిలిచేవాణ్ణి, శుక్రవారాలు కూరగాయల మార్కెట్లో కలిసేవాడు. పదకొండేళ్ళుగా ఖతర్‌లో క్యాంపు, సైటు, కంపెనీ బస్సు తప్ప అతను చూసిందేమీ లేదు. ఇంకో వారంలో పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతాడనగా అడిగాడు.

"అన్నా, ఈ దేశంల నీళ్ళున్న చెరువు ఒక్కటన్న ఉన్నదా?"

ఉంది. దోహాలో వాడిన నీటిని శుద్ధి చేసి ఎడారిలోకి వదలగా ఏర్పడింది. మా యజమానిని అడిగి పాత పికప్పు, గుడారం తీసుకున్నాను. గురువారం మధ్యాహ్నం బయలుదేరాం.

రోడ్డు దిగాక చాలాసేపు రాళ్ళూ ఇసుకే. ఉన్నట్టుండి పచ్చటి రెల్లు కనిపించింది. నేను బండి ఆపేలోపే అతను దూకేసి, చెప్పులు విడిచి నీళ్ళ వైపు పరుగెత్తాడు.

"దిగకు తమ్ముడూ! ఆ నీళ్ళు ఒంటికి మంచివి కావు."

ఒడ్డునే కూర్చుండిపోయాడు. పొద్దు గూకేదాకా నీటికోళ్ళను చూస్తూనే ఉన్నాడు. బొగ్గుల మీద కోడి కాల్చి, ఖుబూస్ రొట్టెతో తిని, చలికి ముడుచుకుని పడుకున్నాం.

తెల్లారి లేచేసరికి అతను చెరువుకు వీపు పెట్టి భార్యకు వీడియో కాల్ చేస్తున్నాడు.

"అగో! ఊరికొచ్చినవా? చెప్పకుండ వచ్చి చెరువు కాడ కూసున్నవా?" అని ఆమె కేక.

"కాదే, ఇది ఖతర్."

"దుబాయ్‌ల చెరువేడిది? నాతోని పరాచికాలా? ఉండు, వస్తున్న." వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.

ఫోను చేత్తో పట్టుకునే ఆమె నడక మొదలెట్టింది. తెర మీద వాకిలి, గేటు, సందు ఊగుతూ కదిలాయి. అతను ముందు నవ్వాడు. ఆమె నడక ఆపకపోయేసరికి ఆ నవ్వు పోయింది.

"ఆగే... ఒట్టు, ఇంకా రాలే. వచ్చే వారం వస్త."

ఫోను తిప్పి ఇసుకను, పికప్పును, నన్నూ చూపించాడు. ఏం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టాను. సందు మధ్యలో నిలబడిపోయి ఆమె అంది: "సరే. ఏమన్న తిన్నవా?"

ఫోను పెట్టేశాక అతను ఏడ్చాడు. నేను స్టవ్ వెలిగించి టీ పెట్టాను.

తర్వాతి వారం నేనే ఎయిర్‌పోర్టులో దింపాను. ఆమె బస్టాండు దాకా ఎదురొచ్చిందని మర్నాడు ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత వేరేవాళ్ళతో రెండు చలికాలాలు అక్కడికి వెళ్ళాను. చెరువు బాగానే ఉంది. నాకు మాత్రం అతనితో ఇంకో శుక్రవారం కావాలనిపిస్తుంది.