ఏసీ ఆపి విన్న పాట

ఆ రోజుల్లో దోహాలో పొద్దున వెళ్ళిన దారినే సాయంత్రం తిరిగి వస్తామన్న నమ్మకం ఉండేది కాదు. ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పెట్టారు. ఎవరు కలిసినా బాగున్నారా అనడానికి ముందు ‘ఈ వారం ఏ డ్యూటీ?’ అని అడిగేవాళ్ళం. ఫుట్‌బాల్ జట్టులో ఎంతమంది ఉంటారో నాకు అప్పట్లో సరిగా తెలియదు (ఇప్పుడూ అడక్కండి). ఆ ఆట పుణ్యమా అని మా తెలుగు చర్చి గాయకులు ఏనాడూ ఒకచోట చేరలేదన్నది మాత్రం బాగా తెలుసు. మనవైపు ఆదివారం జరిగే ప్రార్థన అక్కడ శుక్రవారం జరుగుతుంది, సెలవు ఆ రోజే కనక. ఆ శుక్రవారం కూడా సగంమందికి ఓవర్‌టైమ్. ఒక వారం కింది స్వరం పాడే మగవాళ్ళు మాత్రమే వచ్చేవారు, పాట బావిలోంచి వినిపించినట్టుండేది. మరో వారం వాళ్ళు తప్ప అందరూ వచ్చేవారు.

మా అందరికీ పాట నేర్పేది మాస్టారు. బడి మాస్టారు కాదు, ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. కృష్ణా జిల్లా మనిషి. ఆయన నాలుగు స్వరాల్లో ఒక పాట కట్టి, ఒక్కో స్వరాన్ని ఒక్కొక్కరికి విడిగా నేర్పారు. నాలుగూ కలిస్తే ఎలా ఉంటుందో ఆయనే ఎన్నడూ వినలేదు. వాళ్ళ కంపెనీ పని అయిపోయి, వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయే రోజు దగ్గరపడ్డాక, ఒక శుక్రవారం నా పక్కన కూర్చుని, “ఒక్కసారి విని వెళ్దామని ఉందయ్యా. మనసులో అయితే బాగానే ఉంది. బయట ఎలా ఉంటుందో” అన్నారు.

అప్పుడు నేను దోహా పక్కనే కొత్తగా కడుతున్న లుసైల్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డ్రాయింగులు గీసేవాణ్ణి (అందరూ ఇంజినీరు అనేవారు, నేను కాదనేవాణ్ణి కాదు). “అందరూ ఒకేసారి రానక్కర్లేదు మాస్టారూ. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి పాడితే కంప్యూటరు కలిపేస్తుంది” అన్నాను. ఆ సంగతి ఇంటర్నెట్‌లో చదివి వారమైనా కాలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “మనుషుల్ని కలపడం మన వల్ల కాలేదు. దాని వల్ల అవుతుందంటావా?”

నా కంప్యూటరు, ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నది. దాని ఫ్యాను తిరగడం మొదలుపెడితే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన మా విల్లా మీదుగా విమానం పోతోందేమో అనిపించేది. మేం దాన్ని ముసలిది అనేవాళ్ళం. పాట రికార్డు చేయాలంటే ముందు దానికి మిగతా పనులన్నీ మాన్పించాలని చదివాను. వైరస్ కాపలా ఆపాను. ఇంటర్నెట్ తీగ పీకాను. తెర మీది గోదావరి ఫొటో తీసేసి నల్లరంగు పెట్టాను. తనంతట తాను నిద్రపోకుండా చేశాను. పాటలు దాచడానికి వేరే డిస్కు బిగించాను, అదీ పాతదే, చిన్నదే. అట్టచెక్క గోడకు అవతల గదిలో ఉండే జగిత్యాలన్న (సైటులో పరంజా కట్టే పని, రాత్రి డ్యూటీ) ఇదంతా గుమ్మంలో నిలబడి చూసి, “తమ్మీ, దానికి తిండి బంద్ వెట్టినవ్, నిద్ర బంద్ వెట్టినవ్. మా ఫోర్‌మన్ గూడ గింతగనం జెయ్యడు” అన్నాడు.

ఇంత చేసినా పాటలో చిటపటలు వినిపించేవి. వచ్చిన ధ్వనిని కాస్త పోగుచేసుకుని, ఆ తర్వాత రాసుకోవడానికి కంప్యూటరులో కొంత చోటుంటుంది, దాన్ని బఫర్ అంటారు. అది చిన్నదైతే ముసలిదానికి ఊపిరి ఆడదు. నేను దాన్ని పెంచగలిగినంత పెంచాను. చిటపటలు పోయాయి. నా జీవితంలో అంత తెలివైన పని మరొకటి చేయలేదనుకున్నాను.

తర్వాత ఏసీ సంగతి. ఏసీ నడిస్తే దాని హోరు పాటలో పడుతుంది. ఆపితే, ఆ ఎండలకి, మనుషులకన్నా ముందు ముసలిది వేడెక్కి ఆగిపోతుంది. చివరికి ముసలిదాన్ని జగిత్యాలన్న మంచం తలాపున, ఆయన ఏసీ కింద పెట్టి, తీగల్ని గోడ కంతలోంచి మా గదిలోకి లాగాను. తెర, మైకు, చెమట మా వైపు. “పెట్టుకో తమ్మీ. గని లొల్లి జేసిందనుకో, బయట పారేస్త” అని ఆయన పడుకున్నాడు. లొల్లి అటునుంచి ఇటు రాగలదని మాకు తట్టలేదు. మా బృందంలోని నర్సక్క (అమలాపురం వైపు మనిషి) ఆస్పత్రి డ్యూటీ దిగి యూనిఫామ్‌లోనే వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండు చరణాలు పాడి ఆగింది. “ఏవండీ ఇంజినీరుగారూ, కింది స్వరంలో ఎవరో గుర్రుమని శ్రుతి పట్టారు. మన బృందంలో కొత్తగా చేరారా?” నేను గోడ మీద తట్టి, “అన్నా, పక్కకు తిరుగు!” అని అరిచాను. అటునుంచి, “యల్లా, పాడుకోండ్రి. నేనేమన్న వద్దంటున్ననా?” అని నిద్రగొంతు వచ్చింది (యల్లా అంటే అక్కడి అరబ్బీలో ‘కానివ్వండి’ అని).

మొదట మాస్టారు పాడారు. ఆయన పాట వింటూ రెండోవాళ్ళు, ఆ రెండూ వింటూ మూడోవాళ్ళు, అన్నీ వింటూ నర్సక్క. నాలుగూ కలిపి మాస్టారికి వినిపించాను. ఆయన ‘ఆమేన్’ ముగించాక ఒకరు ఆమేన్ అన్నారు, ఆ వెనక ఇంకొకరు, చివరికి నర్సక్క. లేబర్ క్యాంప్ బస్సు ఆగితే ఒకరి వెనక ఒకరు దిగినట్టు దిగారు. మాస్టారు హెడ్‌ఫోన్ తీసి నెమ్మదిగా అడిగారు. “ఏమయ్యా, నలుగురూ నాలుగు డ్యూటీల్లో పాడారా?”

తప్పు వాళ్ళది కాదు. నేను పెంచుకుని మురిసిపోయిన ఆ బఫర్ వల్ల ఎవరి పాటైనా రవ్వంత ఆలస్యంగా చేరుతోంది. మూడోవాళ్ళు విన్నది రెండోవాళ్ళ ఆలస్యాన్ని, నర్సక్క విన్నది ఆ ఇద్దరి ఆలస్యాన్ని. బఫర్ తగ్గిస్తే మళ్ళీ చిటపటలు. మాస్టారి ప్రయాణం వచ్చేవారం కాక పైవారం గురువారం. మిగిలింది ఒక్క శుక్రవారం. ఆ వారమంతా ఆఫీసులో గీసిన గీతల్లో ఎన్ని వంకరపోయాయో నాకు తెలియదు.

ఆలోచించగా ఒకటే దారి కనిపించింది. మాస్టారు మళ్ళీ పాడాలి, పాటకు ముందు గరిటెతో పళ్ళెం మీద ఒక దెబ్బ కొట్టాలి. మిగతా అందరూ ఆయన పాట ఒక్కటే వింటూ పాడాలి. పాడే ముందు హెడ్‌ఫోన్‌ను మైకు దగ్గర పెడితే ఆ పళ్ళెం దెబ్బ వాళ్ళ రికార్డింగులోనూ పడుతుంది. తర్వాత అన్ని దెబ్బల్నీ తెర మీద ఒకే గీతకు జరిపితే పాటలూ వరసలోకి వస్తాయి. ఆ శుక్రవారం పొద్దున మాస్టారు పాడి వెళ్ళారు. నర్సక్క రెండు డ్యూటీల మధ్య వచ్చి పాడింది. మగవాళ్ళలో పై స్వరం పాడే ఆయన లుసైల్ నుంచి సేఫ్టీ బూట్లతోనే వచ్చి, ‘విప్పితే వాసనొస్తుంది’ అని వాటితోనే పాడాడు. నేను అందర్నీ పాట తప్ప మరో మాట మాట్లాడనివ్వలేదు. డిస్కు నిండిపోతోందని నా భయం.

గురువారం మధ్యాహ్నం మాస్టారు సూట్‌కేసుతో సహా మా గదికి వచ్చారు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలోదే మా విల్లా. నర్సక్క కూడా వచ్చింది. అన్నిటినీ ఒకేసారి వినిపించమంటే ముసలిది మొరాయిస్తుందని ముందే కలిపి ఒక్క పాటగా చేసి ఉంచాను. పళ్ళెం దెబ్బ కోసేశాను, దగ్గులూ కోసేశాను. పాట మొదలైంది. నాలుగు స్వరాలూ ఒకేసారి బయలుదేరి, ఒకేసారి ఆమేన్ అన్నాయి. మాస్టారు తెర దగ్గరికి జరిగారు. “మనసులో ఉన్నదానికన్నా కొంచెం తొందరగా పోయింది. ఇంకోసారి పెట్టు” అన్నారు. ఇంకోసారి పెట్టాను. మరోసారి కూడా అడిగారు. నిద్ర లేచి వచ్చిన జగిత్యాలన్న గుమ్మంలో ఆగి మమ్మల్ని చూశాడు. “ఏసీ ఖరాబైందా? అందరు గిట్ల తడిసిన్రేంది?” రికార్డింగు కాదు, వినడమే కదా, ఏసీ వేసుకోవచ్చన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మాస్టారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని, నిద్ర చెడగొట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నారు. “ఏమనుకుంట మాస్టర్ సాబ్, మీ పాటంత నాకు నోటికొచ్చింది. గిది మా ఊర్ల పాడితే, దుబాయ్ పోయి పాస్టరయిండు అంటరు” అన్నాడాయన.

మాస్టారు పోయారని మొన్న చలికాలంలో నర్సక్క ఫోన్ చేసి చెప్పింది. ఆయన గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు, ఆయనకీ నచ్చదు. ఆ పాత డిస్కు వెతికి తీశాను. ఇప్పుడున్న కంప్యూటరుకు ఫ్యానే వినపడదు, నాలుగు కాదు, నలభై స్వరాలు ఒకేసారి పలికిస్తుంది. కలిపిన పాట పక్కనబెట్టి, మాస్టారి రికార్డింగు ఒక్కటీ తెరిచాను. మొదట్లో నేను కోసేసిన భాగం ఇందులో అలాగే ఉంది. ఆయన గొంతు సవరించుకుని, “ఏమయ్యా ఇంజినీరూ, మీ ముసలిది లేచిందా? కాఫీ ఏమైనా ఇచ్చావా దానికి?” అంటారు. వెంటనే ఒక కుర్రవాడు, ప్రపంచ కప్పు భారమంతా తన నెత్తిన ఉన్నవాడిలా, “మాస్టారూ, మాట్లాడకండి. డిస్కులో చోటు లేదు” అంటాడు. వాణ్ణి విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఇప్పుడున్న కంప్యూటరు డిస్కులో ఎంత చోటుందో వాడికి చెప్పాలనిపిస్తుంది.

“సరేనయ్యా, పాట వరకే” అంటారు మాస్టారు. తర్వాత పళ్ళెం మీద దెబ్బ పడుతుంది.