స్టూలు మీద ఇసుక సంచి

మొన్న పటమటలో మా మనవడి చేతికి పిండికట్టు వేస్తుంటే, ఆ తడి సుద్ద వాసనకు అప్పట్లో ఆస్పత్రిలో నన్ను చూసిన నర్సు రాహేలమ్మ సిస్టర్ గుర్తుకొచ్చింది. ఆవిడ మీద నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ కోపంలో నేను చేసిన పని కూడా చెప్పాలి.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేనెక్కిన కొల్లేటి చేపల లారీ బోల్తాపడి నా వెన్నూ, కుడి తొడ ఎముకా విరిగాయి. విజయవాడలో వెన్నుకు ఆపరేషన్ చేశారు. విరిగిన తొడ ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా, మోకాలి కింద ఎముకలోకి ఇనప ఊచ దించి, దానికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా ఇసుక సంచి వేలాడదీశారు. మళ్లీ నడుస్తానో లేదో ఎవరూ చెప్పలేదు. కాలికి స్పర్శ తిరిగొచ్చిందేమో చూడటానికి సిస్టర్ రోజూ పొద్దున్నే నా కళ్లు మూయించి కాలి బొటనవేలు వంచేది.

"పైకా, కిందకా?"

"కిందకండీ."

"చేప మొహం చూసి ఎప్పుడు చచ్చిందో చెబుతావంట, నీ వేలు ఎటుందో తెలీదూ?"

వార్డంతా నవ్వింది. నవ్వినవాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తే. పదహారో రోజున సరిగ్గా చెప్పాను. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది.

అమ్మ చేపల తట్ట అమ్ముకుని మధ్యాహ్నం వచ్చేది. "కాలు పీకేస్తోందే అమ్మా, కాసేపు దించవే" అని ఏడ్చేవాణ్ణి. లాగలేనప్పుడు వల బరువు తగ్గించడం ఎరిగిన మనిషి. సంచిని స్టూలు మీద పెట్టి, వెళ్లేముందు మళ్లీ వేలాడదీసేది. ఎక్స్‌రేలో ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కి అతుక్కుంటున్నాయని తేలిన రోజే, అమ్మ సంచి దించడం సిస్టర్ చూసేసింది.

"నీ చేత్తోనే కొడుకు కాలు పొట్టి చేశావు కదమ్మా! బుద్ధుందా?"

"పిల్లోడు ఏడుస్తున్నాడండీ..."

పాతికమంది ముందు మా అమ్మను అంత మాట అంది. ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుకు ఫిర్యాదు రాశాను: సిస్టర్ బరువు సరిగా చూడటం లేదని. స్టూలు సంగతి రాయలేదు. మర్నాడు డాక్టరు నా మంచం దగ్గరే నిలదీశాడు. ఆవిడ గోడవారన ఒదిగి నిలబడ్డ అమ్మను చూసింది. "నేను చూసుకోవాల్సింది సార్" అంది. వారంలో ఆవిణ్ణి వేరే వార్డుకు మార్చేశారు.

మూడు నెలలకు చంకకర్రల మీద ఆవిడ కొత్త వార్డుకు వెళ్లాను, క్షమించమని అడగడానికే. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"మా అమ్మను బుద్ధుందా అన్నారు మీరు."

"అన్నానయ్యా. తప్పే. అమ్మగారికి నా మాటగా చెప్పు" అంది. వంగి నా పాదం చూసి, "మడమ ఆనించు. మునివేళ్ల మీద నడిస్తే నడుం పోతుంది" అంది.

ఇంటికొచ్చి గెలిచినవాడిలా అమ్మకు చెప్పాను. ఆమె చేప తోముతున్న చెయ్యి ఆపి అడిగింది.

"మరి నువ్వేమన్నావురా?"

తర్వాత నేను వెళ్లేసరికి సిస్టర్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. అమ్మ పోయేదాకా ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నేనూ అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఏమీ అనలేదమ్మా. మడమ ఆనించి నడుచుకుంటూ వచ్చేశాను.