అయిపోయినట్టే అనేవాడు

మీర్‌పేట్‌లో మా ఫ్లాట్ కట్టిన బిల్డర్‌ను ఒక్క గర్జనతో దారికి తెచ్చిన మొనగాణ్ణి నేను. గృహప్రవేశమై మూడు నెలలైనా మా బాత్రూంకు ఆయన తలుపు పెట్టలేదు. దుప్పటి వేలాడదీసి నెట్టుకొచ్చాం. ఎప్పుడడిగినా నా భుజమ్మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, "అయిపోయినట్టే అనుకో కాకా" అనేవాడు. ఆ చెయ్యి ఎంత మెత్తనిదంటే, నాకు నిజంగానే అయిపోయినట్టుండేది.

చివరికి ఎల్బీనగర్‌లో ఆయన కడుతున్న కొత్త బిల్డింగుకే వెళ్లి గర్జించాను. గర్జించలేదు లెండి, కాస్త గట్టిగా దగ్గాను. మర్నాడే తలుపొచ్చింది.

ఇది చదివి మా ఆవిడ అంది: "దగ్గితే ఒచ్చిందా? నువ్వు ఆయన ఇచ్చిన చాయ్ తాగుకుంట కూసున్నవ్. నేను బకెట్, సబ్బు పట్టుకొని, ఫ్లాట్ కొననీకి ఒచ్చినోళ్ల ముంగటే 'జర జరుగుండ్రి, మా బాత్రూంకు తలుపు లేదు' అనుకుంట సాంపిల్ ఫ్లాట్ల స్నానానికి పోయిన!"